మా కామిక్‌లో నుంచి పారిపోయిన మామ

ఐదుగురు విలన్లను నేను జైలు నుంచి తప్పిస్తే, ఊరోళ్ళు మా మామను పట్టుకుని కట్టేసినారు. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి. నేను కూడా ఈమధ్యనే కొంచెం కొంచెం నవ్వుతాండా, అదీ మా ఇంటామె సుజాత ఇంట్లో లేనప్పుడు.

నా పని మీకు తెలిసిందే గదా. హిందూపురంలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తా. పొద్దున జన్మదిన శుభాకాంక్షలు, మధ్యాన్నం కన్నీటి శ్రద్ధాంజలి. ఒక్కోసారి ఒకే ఫోటో రెండిటికీ వాడాల్సి వస్తాది. ఈ పనిలో బుర్ర చెడిపోకుండా తీరిక దొరికినప్పుడు కామిక్ బొమ్మలు గీసుకుంటాంటా. నా హీరో పేరు బండయ్య. క్వారీలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు రాళ్ళ కింద పడి, గ్రానైట్ మనిషై బయటికొస్తాడు. ఫోన్లో ఒక పేజీ పెట్టి కథ వేస్తాంటే, మన పక్క కుర్రోళ్ళు బాగానే చదువుతాండ్రి.

ధర్మవరంలో మల్లి అని నాకొక స్నేహితుడు ఉండాడు. పట్టుచీరలకు కంప్యూటర్లో బుటాల, అంచుల డిజైన్లు వేస్తాడు. వాడికీ ఇదే పిచ్చి. వాడి హీరోయిన్ పేరు జరీ. మగ్గం నేసే ఇంటి పిల్ల. జరీపోగు ఇసిరిందంటే దొంగ యాడ దాక్కున్నా పోయి చుట్టుకుంటాది. బండయ్యను, జరీని ఒకే కథలో కలపండన్నా అని చదివేటోళ్ళు అడగబట్టిరి. సరే అనుకున్నాం.

కథ ఇదీ. ఇన్నాళ్ళూ బండయ్య పట్టుకున్న విలన్లు, జరీ పట్టుకున్న విలన్లు అందరూ ఒకే జైల్లో ఉంటారు. పెనుకొండ కొండ లోపల తొలిచిన జైలు అది. ఐదుగురు ఒక్కటై, గోడ పగలగొట్టుకుని పారిపోయి జట్టు కడతారు. కామిక్ పేరు కూడా అదే, 'పారిపోయినోళ్ళు'. బోర్లలో నీళ్ళన్నీ తాగేసే బోరుమింగుడు. కండ్లలో నుంచి సుడిగాలి లేపే దుమ్ములక్క. మగ్గాలను నమిలేసే ఇనపపళ్ళోడు. కరెంటు తీగల మీద పాకే ఫ్యూజు. ఐదోవాడు గొంతులప్ప. వీడికి బయటికి ఏ శక్తీ కనపడదు. మామూలు మనిషి మాదిరి ఊర్లోకొచ్చి పిల్లోళ్ళను పలకరిస్తాడు. బదులు పలికితే ఆ పిల్లోని గొంతు వీడి సంచిలో పడిపోతాది. ఆ పిల్లోడు ఇంక జన్మలో మాట్లాడలేడు.

గొంతులప్ప నా విలన్. వాడికొక మొగం కావల్ల. సరిగ్గా అప్పుడే మా మామ తిమ్మప్ప, అంటే సుజాత వాళ్ళ నాయన, వచ్చి మా షాపు బెంచీ మీద కూచున్నాడు. నంబులపూలకుంట పక్క పల్లె ఆయనది. గొర్రెలు మేపే మనిషి. పెద్ద మీసం, కొసలు పైకి తిరిగి ఉంటాయి. ఎడమ కనుబొమ్మ మీద పొట్టేలు కుమ్మిన మచ్చ. మాట్లాడేది తక్కువ. దూరంగా ఉన్న మందను చూస్తాండే మాదిరి ఎప్పుడూ కండ్లు చిన్నవి చేసుకోనుంటాడు. ఆయన మీద నాకేం కోపం లేదు, ఈ ఒక్కటి మాత్రం నమ్మండి. ఆ మొగం గీస్తాంటే చెయ్యి తనంతట తానే పోతాది, అంతే. ఆయన బస్సు కోసం కాచుకోనుంటే నేను కంప్యూటర్ చాటున కూచుని గీసేసినా. తర్వాత సుజాత బొమ్మ చూసి, ఎవరి మాదిరో ఉండాడే అనింది. ఊహ అని చెప్పినా.

ఆ కథలో విలన్లు కలిసిపోయినారు గానీ, గీసేటోళ్ళం మేం కలవలేదు. పోస్టర్ మధ్యలో తన ఇనపపళ్ళోడు ఉండాలని మల్లి, నా గొంతులప్పే ఉండాలని నేను. పేచీ ఎంత దూరం పోయిందంటే, ఒక వారం ఒకరి ఫోను ఒకరు ఎత్తలేదు. చివరికి ఎవరి పోస్టర్ వాళ్ళకు, ఐదుగురికీ వేరేవేరేగా చేద్దామని రాజీ పడినాం. పోలీసు నోటీసు మాదిరి చేస్తే జనం ఆగి చూస్తారని మల్లి ఒక మాట ఇసిరినాడు. నాకు బాగా నచ్చింది. పెన్సిల్ షేడింగ్‌తో మొగం, భుజాన సంచి, తాడు, పైన ఎర్రక్షరాల్లో 'కొండ జైలు నుంచి పారిపోయినాడు', బొమ్మ కింద 'పిల్లల్ని పలకరిస్తాడు. కనపడితే వదలొద్దు'. ఆ ఆఖరి మాట నా సొంతం. దానికీ కింద, చిన్నగా, 'కొత్త కామిక్, త్వరలో'. ఆ అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేసింటే ఇప్పుడు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఐదూ మా పేజీలో పెట్టినాం. మిగతా నాలుగు పోస్టర్లను ఎవరూ పట్టించుకోలేదు. ఇనపపళ్ళు చూసి ఎవరు భయపడతారు? గొంతులప్ప మాత్రం మనిషి మాదిరి ఉండాడు. ఎవరో కింది అక్షరాలు కత్తిరించి స్టేటస్ పెట్టుకున్నారు. ఇంకెవరో దానికి వాయిస్ మెసేజ్ తగిలించినారు, అమరాపురం పక్క ఇద్దరు పిల్లోళ్ళను ఎత్తుకపోయినాడని. అట్లాంటిదేమీ జరగలేదు. కానీ ఆ గొంతు ఎవరిదో గానీ, వింటే నాకే భయమేసింది.

నాకు ముందే తెలియక కాదు. మా షాపు ఎదురుగా టీ అంగట్లో ఒకాయన ఆ బొమ్మ నాకే చూపించి, మీ పాపను జాగ్రత్తగా చూసుకోప్పా అన్నాడు. ఇది నేను గీసిన బొమ్మ అని చెప్పినా. ఆయన నా పక్క జాలిగా చూసి, వాళ్ళ బావమరిది మడకశిరలో ఈ మనిషిని కండ్లారా చూసినాడని చెప్పినాడు. అప్పుడు నేనేం చేయాల? ఆడనే నిలబడి నలుగురికీ చెప్పాల. మా పేజీలో పెద్దక్షరాలతో వేయాల. నేను చేసిందేమంటే, షాపులోకి పోయి మల్లికి ఫోన్ చేసి, మన విలన్ నిజంగానే తప్పించుకున్నాడప్పా అని సంబరపడినా. వాడూ సంబరపడినాడు. మేమిద్దరం మళ్ళీ పాత మాదిరి కలిసిపోయింది ఆ ఫోన్లోనే.

ఆ వారంలోనే ఒక మధ్యాన్నం నేను ఎవరిదో శ్రద్ధాంజలికి పూలదండ అతికిస్తాంటే, సుజాత షాపులోకి వచ్చింది. ఫోన్ నా మొగం ముందర పెట్టింది. ఫోటోలో మామ ఉండాడు. ఏదో బడి వరండాలో స్తంభానికి కట్టేసి ఉండాడు. చొక్కా చినిగింది. చెవి నుంచి మెడ దాకా నల్లగా ఏదో కారింది. పక్కన ఒకడు ఫోన్లో నా పోస్టర్ తీసి, మామ మొగం పక్కన పెట్టి చూపిస్తాండాడు.

మామ ఫోన్లో ఆఖరున మాట్లాడిన నంబరు సుజాతది. ఎవరో ఆ నంబరుకు చేసి, ఈ దొంగ నీకేమైతాడు అని అడిగినారంట. మా నాయన అని ఈమె చెప్తే, అయితే నువ్వూ ఆ గ్యాంగేనా అని పెట్టేసినారంట. తర్వాత ఫోటో వచ్చింది. ఊరి పేరు కూడా వాళ్ళే రాసినారు, కావాలంటే వచ్చి తీసుకపోండి అని.

"ఇది నువ్వు గీసిందేనా?" అనింది.

అవునన్నా. ఆమె మేకుకు తగిలించిన బండి తాళం తీసి నా చేతికిచ్చింది.

ఆ ఊరు పెనుకొండకు, ధర్మవరానికి మధ్యలో ఉండాది. పేరు చెప్పను. దావలో పోలీసులకు ఫోన్ చేస్తే, వస్తాండామన్నారు. మల్లికి చేస్తే, వాడు ధర్మవరం నుంచి బయల్దేరినాడు. పెనుకొండ దాటేదాకా సుజాత నా భుజం మీద చెయ్యి వేయలేదు. వెనకాల కడ్డీ పట్టుకోని కూచునింది. అద్దంలో చూస్తే కండ్లు తుడుచుకుంటాండాది. గాలికేమో అనుకోవాలని నాకూ ఉండె.

ఏం జరిగిందో మాకు ఆడికి పోయినాక తెలిసింది. మామ పొట్టేళ్ళ బేరానికి ఆ ఊరు పోయినాడు. భుజాన ఖాళీ గోతం, పొట్టేళ్ళను కట్టుకోవడానికి తాడు. జేబులో వేయించిన చెనక్కాయలు. ఒంటిపూట బడి వదిలినాక ఇండ్లకు పోతాండే పిల్లోళ్ళను ఆపి, ఆ చెట్టు కింద మంద ఎవరిదమ్మా అని అడిగినాడు. అడిగి, తలా ఇన్ని చెనక్కాయలు పెట్టినాడు. సంచి, తాడు, మీసం, కనుబొమ్మ మీద మచ్చ, పిల్లోళ్ళను పలకరించడం. నా పోస్టర్లో లేనిది ఒక్క చెనక్కాయలే.

మేం పోయేసరికి వరండా నిండా జనం. వాళ్ళను చూస్తే రౌడీల మాదిరి లేరు. మన ఇండ్లలో ఉండే మనుషుల మాదిరే ఉండారు. ఒకాయన చంకలో చిన్న పాప ఉండాది, ఇంకో చేతిలో కట్టె ఉండాది. మామను ఆయన తాడుతోనే కట్టినారు. మీసం పెట్టుడు మీసమేమో అని ఎవరో గట్టిగా లాగినట్టుండారు, పై పెదవి చీలిపోయింది. సుజాత జనాన్ని తోసుకుంటా పోయి ఆయన ముందర కూలబడింది. ఆయన ఆమెను చూసి, నువ్వెందుకు వచ్చినావు పాపా, ఎండన పడి, అన్నాడు. అంతే.

నేను చెప్పినా. ఇది కామిక్ అని, కథ అని, ఈ బొమ్మ నేనే గీసినానని గొంతు చించుకున్నా. నమ్మకపోతే చూడండని మా పేజీ తెరిచి మిగతా పోస్టర్లు చూపించినా. ఒకడు ఫోన్ నా చేతిలో నుంచి లాక్కుని, ఒక్కొక్కటే చూసి, పక్కనోళ్ళకు చెప్పినాడు.

"వీళ్ళు మొత్తం ఐదుగురంటప్పా. మిగతా నలుగురు యాడుండారో వీనికి తెలుసంట."

నన్ను కూడా కూచోబెట్టినారు, మామ పక్కనే. కట్టేయడానికి ఇంకో తాడు కోసం ఒకడు ఇంటికి పోయినాడు. ఆ ఊర్లో అందరూ మాట వినే పెద్దాయన ఒకాయన ఉండాడు, తలకు తువ్వాలు చుట్టుకోని గోడ వారన నిలబడి చూస్తాండాడు. నువ్వే గీసింటే మళ్ళీ గీయి, సూద్దాం, అన్నాడాయన. వరండా గోడకే నల్లబల్ల ఉండాది. దాని మీద ఆ పొద్దు పాఠం ఇంకా తుడవలేదు. ఎవరో తుడిచి, నా చేతికి సుద్దముక్క ఇచ్చినారు.

ఎన్ని మొగాలు గీసింటానో నాకే తెలియదు. అప్పుడు మాత్రం చెయ్యి ఆడలేదు. చూసి గీయాలంటే మామను చూడాల. మామను చూస్తే ఆయన నన్ను చూస్తాండాడు. పెదవి నుంచి కారేది కూడా తుడుచుకోలేడు, చేతులు కట్టేసినారు గదా. ముందు కనుబొమ్మలు గీసినా. తర్వాత మచ్చ. తర్వాత చిన్నవి చేసుకున్న కండ్లు. మీసం దగ్గరకు వచ్చేసరికి వెనకాల నుంచి ఒకడు ఫోన్లో పోస్టర్ తీసి బల్ల పక్కన పెట్టినాడు. పోస్టర్లో ఉన్న గీతలే, అదే మొగం, ఏం తేడా లేదు.

మామ నల్లబల్లనే చూస్తాండాడు. తనను ఎందుకు కొట్టినారో ఆయనకు అంతదాకా తెలియదు. ఎవరూ చెప్పలేదు, ఆయన అడిగినా పట్టించుకోలేదు. అప్పుడు తెలిసింది. నా పక్క తిరిగి, ఆ షాపులో బెంచీ మీద కూచున్నప్పుడా, అని మెల్లగా అడిగినాడు. నేను తల ఊపినా. నా జన్మలో ఎవరి ముందరా అంత చిన్నవాన్ని కాలేదు.

పెద్దాయన చెప్తే తాడు విప్పినారు. చంకలో పాప ఉన్నాయన కట్టె కింద పడేసి, నా దగ్గరికొచ్చి, అయితే తప్పంతా నీదే గదరా, అని చెంప మీద ఒకటి ఇచ్చినాడు. ఆ మాట నిజమే, కాబట్టి నేను అట్లే నిలబడినా. ఇంకొకడు చెయ్యి ఎత్తినాడు. అప్పుడు మామ స్తంభం పట్టుకుని లేచి, మా మధ్యలోకి వచ్చినాడు.

"వాన్ని ఇడ్సండప్పా. వాడు మా అల్లుడు. వాని సంగతి మా పాప సూసుకుంటాది."

అందరూ సుజాత పక్క చూసినారు. ఆమె మొగంలో ఏం కనపడిందో గానీ, వాడు ఎత్తిన చెయ్యి దించేసినాడు. ఆ తర్వాత నన్నెవరూ ముట్టుకోలేదు. అంతకంటే పెద్ద శిక్ష వాళ్ళ దగ్గర లేదనుకున్నారేమో.

ఎవరో మజ్జిగ తెచ్చినారు. మామ తాగలేదు, పెదవి మండుతాది అన్నాడు. వంగి తాడు తీసుకుని, మోచేతికి చుట్టుకుంటా చుట్టుకుంటా అట్లే నిలబడినాడు. తాడు చక్కగానే చుట్టినాడు. అప్పుడు పోలీసు జీపు వచ్చింది. దాని వెనకాలే మల్లి వచ్చినాడు. నల్లబల్ల మీద గొంతులప్పను, కింద మామను చూసి, బండి స్టాండు వేయడం కూడా మర్చిపోయి దాన్ని కింద పడేసినాడు.

పెనుకొండ ఆసుపత్రిలో చెవికి, పెదవికి కుట్లు వేసినారు. పెదవికి కుట్లు వేయాలంటే అడ్డమని నర్సు ఒక పక్క మీసం తీసేసింది. మరుసటి రోజు మామ తనే సెలూన్‌కు పోయి రెండో పక్క కూడా తీయించుకుని వచ్చినాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా నాయనను మీసం లేకుండా చూడలేదు అని సుజాత వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. పిలిస్తే తల తిప్పి రెండో చెవి పెడతాడు. 

ఆ ఊరోళ్ళ మీద కేసు పెట్టమని ఎస్సై ఎంత చెప్పినా ఆయన వినలేదు. మా మనమరాలికి ఏమన్నా ఐతాదంటే నేనూ కట్టె పట్టుకుంటా గదా సారూ, అన్నాడు. నన్ను, మల్లిని మాత్రం ఎస్సై స్టేషన్లో శానాసేపు నిలబెట్టినాడు. ఏమేమి సెక్షన్లు పెట్టొచ్చో చదివి వినిపించినాడు. నిజం జైలు గోడ ఎవరూ పగలగొట్టలేరని, కావాలంటే లోపలికొచ్చి చూడమని కూడా చెప్పినాడు. మేం కామిక్ తీసేసినాం. తీసేసినాక తెలిసింది, మా హీరోలిద్దరూ కథలోకి ఇంకా రానే లేదు. విలన్లను బయటికి వదిలినాం, పట్టుకునేటోళ్ళు వచ్చేలోపల కథ ఆగిపోయింది. మల్లి ఇప్పుడు చీరల మీద నెమళ్ళు మాత్రమే వేస్తాండాడు. నెమళ్ళకు ఎవరి పోలికా రాదంట.

పుకార్లు నమ్మొద్దని ఊరూరా ఫ్లెక్సీలు కట్టించాలన్నాడు ఎస్సై. డిజైన్ నేనే చేయాల. గొంతులప్ప బొమ్మ వేసి, దాని మీద ఎర్రరంగుతో అడ్డంగా కొట్టేయమన్నాడు. మా నాయన మొగం మీద ఇంకో గీత పడితే ఊరుకోనని సుజాత స్టేషన్లోనే చెప్పేసింది. ఎస్సై కూడా తగ్గినాడు. అప్పుడు మామ ఒక ఉపాయం చెప్పినాడు. నా ఫోటో వేయండి, మీసం ఉండేది. పక్కన మా అల్లుని ఫోటో కూడా వేయండి. ఎవరు ఎట్లాంటోళ్ళో జనానికి తెలుస్తాది, అన్నాడు. అది కోపమో, ఎగతాళో ఇప్పటికీ నాకు తెలియదు. ఎస్సైకి మాత్రం తెగ నచ్చింది.

అట్లా నా ఫోటో నేనే పెట్టి, నా ఫ్లెక్సీ నేనే డిజైన్ చేసినా. ఎడమ పక్క మామ, 'ఈయన నిర్దోషి'. కుడి పక్క నేను, 'తప్పుడు బొమ్మ గీసింది ఇతడే'. ఇన్నేండ్ల పనిలో ఒక్క అక్షరం తప్పు రాకూడదని అంత జాగ్రత్తగా ఏ ఫ్లెక్సీనీ చూసుకోలేదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా దావ పొడుగునా కట్టినారు.

పోయిన ఆదివారం మల్లిని చూసొద్దామని పోతా, పెనుకొండ బస్టాండులో దిగినా. నీడ సరిగ్గా ఆ ఫ్లెక్సీ కిందనే ఉండాది. ఒక అవ్వ చీనీకాయల సంచి పక్కన పెట్టుకోని ఆడ కూచోనుండె. కొంచెంసేపు పైకి చూసి, నాకు చదువు రాదు నాయనా, ఈ ఇద్దర్లో దొంగ ఎవరు, అని అడిగింది. ఎవరూ కాదవ్వా అని చెప్పొచ్చు. కానీ నా ఫోటో పక్క వేలు చూపించినా.

అవ్వ తల ఊపింది.

"నేనూ అదే అనుకుంటి. ఆ మీసాలాయన మొగం సూస్తేనే తెలుస్తాండాది గదా, నెమ్మదైన మనిషని."

ఇంకోసారి నా ఫోటోను చూసింది. తర్వాత నన్ను చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది.  చీనీకాయల సంచిని మెల్లగా లాక్కుని, అవతలి పక్కన పెట్టుకుంది.